ఆరో డబ్బా

గురువారం ఉదయం పది నలభై. కౌంటీ షెడ్డులో ఎర్రటి పాత ట్రాక్టరు పక్కన ఒంటి మోకాలి మీద కూర్చుని, ఆర్విల్ టోఫ్ట్ ఆయిల్ కొలిచే కడ్డీని బయటికి లాగాడు. దాన్ని ముందు చూడలేదు. వాసన చూశాడు.

ఆ ముక్కు గురించి నెబ్రాస్కా తూర్పు వైపంతా కథలున్నాయి. తగలబడిన కొట్టం బూడిద వాసన చూసి, కిరసనాయిలు పోసినవాడు ఆ పూట ఏం తిన్నాడో చెప్పేస్తాడనేవారు. అది అబద్ధం. ఉల్లిపాయ తిని ఉంటే తప్ప చెప్పలేడు. రైతుల బీమా సంఘం తరఫున ముప్పై ఒక్క ఏళ్లుగా అతను చేస్తున్న పని ఒక్కటే. తగలబడ్డ కొట్టాలనూ, పిడుగు పడి చచ్చిన ఆవులనూ, పిడుగు పడిందని యజమాని మాత్రమే చూసిన ఆవులనూ పరీక్షించి, ఏది నిజమో కాగితం మీద పెట్టడం.

"ముక్కుతో విచారణ అయిపోయిందా? నాలిక కూడా పెడతారా?" అన్నాడు వెనకనుంచి డిప్యూటీ కర్ట్ డ్రెస్లర్. ముప్పై రెండేళ్లవాడు. షరీఫు ఆఫీసులో చేరి మూడేళ్లయింది. మట్టిలో నడిచినా మట్టి అంటని బూట్లు అతనివి.

"నాలిక మధ్యాహ్నం భోజనానికి దాచుకున్నాను నాయనా," అన్నాడు ఆర్విల్. కడ్డీని తెల్ల చేతిరుమాలుతో తుడిచి, మళ్లీ గుచ్చి, మళ్లీ లాగాడు. "గీత దాటి ఉంది. ఒక డబ్బా ఎక్కువే."

"సరిగ్గా ఆరు డబ్బాలు. లాయిడ్ బ్రూనర్ గ్యారేజీ వెనక చెత్త పీపాలో ఆరు ఖాళీ డబ్బాలు దొరికాయి. ఆరూ కొత్తరకం ఆయిల్‌వే. ఇంజన్‌లో ఉన్నదీ అదే. ఇంకేం కావాలి మీకు?"

"నువ్వు చెప్పు. నేను ముసలాణ్ని, నెమ్మదిగా చెప్పు."

డ్రెస్లర్ ఫైలు తెరిచాడు. సోమవారం పొద్దున లాయిడ్ బ్రూనర్ ఈ ట్రాక్టరుకి ఆయిల్ మార్చాడు. నలభై మూడేళ్ల బండి. పుట్టినప్పటినుంచీ దీనికి సాదా ముప్పై నంబరు ఆయిలే పోస్తున్నారు. సాదా ఆయిల్‌కి మురికిని మోసే గుణం లేదు. మురికి అడుగున దిగి, మడ్డి కట్టి, కదలకుండా పడుంటుంది. కొత్తరకం ఆయిల్‌లో సబ్బులాంటిది కలుపుతారు. అది మడ్డిని కడిగి లేపుతుంది. లేచిన మడ్డి వెళ్లి సన్న దారుల్లో ఇరుక్కుంటుంది. బేరింగులకి ఆయిల్ అందదు. ఇంజన్ పట్టేస్తుంది. మంగళవారం మధ్యాహ్నం ట్రాక్టరు యజమాని ఎమిల్ సెడ్లాచెక్ గడ్డిమోపుల బండిని లాక్కుంటూ వాగు గట్టు ఎక్కుతుండగా అదే జరిగింది. బండి బరువుకి ట్రాక్టరు వెనక్కి జారింది. ఎమిల్ దూకబోయి చక్రానికీ బండికీ మధ్య నలిగిపోయాడు. డెబ్భై ఎనిమిదేళ్లు.

"బాగా చెప్పావు," అన్నాడు ఆర్విల్. "ఈ మడ్డి సంగతి నీకెవరు చెప్పారు? మీ అకాడమీలో నేర్పరే."

"వెర్లిన్ కునెర్ట్. వాగు అవతలి రైతు. శవాన్ని మొదట చూసింది ఆయనే. నాలుగు కొట్టే ముందు దాకా ట్రాక్టరు మోత విన్నాడట, ఉన్నట్టుండి ఆగిపోయిందట. పరిగెత్తుకొచ్చి, నాలుగూ పదికి ఎమిల్ చెల్లెలికి కబురు చెప్పాడు. పాత ట్రాక్టర్ల గురించి ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలీదు."

"ఎమిల్‌కి తెలుసు."

"ఆయన చనిపోయాడు కదా."

"అందుకే వెర్లిన్ మొదటివాడయ్యాడు," అంటూ ఆర్విల్ చేతిరుమాలు విప్పి చూపించాడు. తెల్లగుడ్డ మీద తేనెరంగు మరక. "ఇదేమిటి?"

"ఆయిల్. కొత్త ఆయిల్. పసుప్పచ్చగానే ఉంటుంది."

"ట్రాక్టరు సోమవారం నాలుగు గంటలు నడిచింది. మంగళవారం పొద్దున మూడు గంటలు. నలభై ఏళ్లు ఉతకని చొక్కాని ఏడు గంటలు సబ్బు పెట్టి ఉతికావు, నీళ్లు తెల్లగా ఉన్నాయి. దానర్థం ఏమిటి డ్రెస్లర్?"

"చేతిరుమాలు లాబొరేటరీ కాదు టోఫ్ట్ గారూ."

"కాదు. ఇది మా ఆవిడ కుట్టింది. లాబొరేటరీ కన్నా నమ్మకం."

డ్రెస్లర్ ఫైలు మూశాడు. "లాయిడ్ వయసు డెబ్భై మూడు. పోయిన నెల పొయ్యి మీద టీనీళ్లు పెట్టి మర్చిపోయి వంటగది సగం తగలబెట్టాడు. ఎప్పుడు ఆయిల్ మార్చినా ఎమిల్ వాళ్ల ధాన్యం గది తలుపు మీద పెన్సిల్‌తో రాస్తాడు కదా? ఈ ఏడాది రాయలేదు. ఏ డబ్బా తీశాడో ఆయనకే గుర్తులేదు. ఒప్పుకోలు టైపు చేసి ఉంచాను. మూడింటికి గ్యారేజీకి వెళ్లి సంతకం పెట్టించుకుంటాను. అజాగ్రత్త వల్ల మరణం. పెట్టడానికి ఆయన సిద్ధంగానే ఉన్నాడు."

"సిద్ధంగా ఉన్నాడా?"

"నాకన్నా ఎక్కువ తొందరపడుతున్నాడు."

*

పదకొండున్నరకి లాయిడ్ బ్రూనర్ తన గ్యారేజీలో తలకిందులు చేసిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో పని లేకుండా అతన్ని ఆర్విల్ చూడటం నలభై ఏళ్లలో అదే మొదలు. బయట అతని పికప్ ట్రక్కు నిలబడి ఉంది. ఊళ్లో అందరి బండ్లూ బాగుచేసే లాయిడ్, సొంత బండిని మాత్రం ముట్టుకోడు. ఒక సిలిండరు చచ్చి పదకొండేళ్లయింది. అది నడుస్తుంటే మూడుసార్లు దగ్గి ఒకసారి తుమ్మినట్టుంటుంది. ఆ తుమ్ముకి బెదిరి కోళ్లు పక్క రాష్ట్రానికి వలసపోయాయని ఆర్విల్ చెబుతుంటాడు.

"ఒరేయ్ లాయిడ్, సంతకం పెడతావట?"

"పెడతాను."

"ఏం చేశావని?"

"అదే తెలీదు." లాయిడ్ తన అరచేతులు చూసుకున్నాడు. "సాదా ముప్పై పోశాననే అనుకుంటున్నాను. ఆ 'అనుకుంటున్నాను' ఉంది చూశావూ, అదే నన్ను తినేస్తోంది. ఇదివరకు నేను అనుకునేవాణ్ని కాదు రా. తెలిసి ఉండేది. మొన్న చర్చికి ఒక కాలికి నల్లబూటు, ఒక కాలికి గోధుమరంగు బూటు వేసుకెళ్లాను. ఎవరూ చెప్పలేదు. అందరూ జాలిపడ్డారు. ఆ జాలి కన్నా జైలు నయం."

"షాపులో సబ్బు ఆయిల్ ఉందా?"

"లేకేం? కొత్త బండ్లకి అదే పోస్తాను. ఆ గోడవారన అది, ఈ గోడవారన సాదా. ఆ గోడకి వెళ్లానో, ఈ గోడకి వెళ్లానో." ఆగి అన్నాడు, "నా చెయ్యే చేసి ఉంటే ఎమిల్‌కి నా సంతకం బాకీ పడ్డాను. చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చున్నాం ఇద్దరం."

ఆర్విల్ ఇంకో బకెట్ తిరగేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు. "ఎన్ని డబ్బాలు పోశావు?"

"ఐదు."

ఆ జవాబు ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది.

"కంపెనీ పుస్తకంలో ఆరు అనుంది."

"పుస్తకానికి ఏం తెలుసు? ఆ పుస్తకం రాసినవాడు దాని కడుపులోకి తొంగిచూశాడా? అడుగున ఒక డబ్బా మడ్డి పేరుకుని రాయిలా ఉంది. దాని చోటు అది తీసుకుంటుంది. ఆరు పోస్తే గీత దాటిపోతుంది. ఇరవయ్యారేళ్లుగా ఐదే పోస్తున్నాను. ఎమిల్‌కీ ఐదే తెలుసు. మా ఇద్దరికి తప్ప ఈ కౌంటీలో ఇంకెవడికీ ఆ లెక్క తెలీదు."

"ఈసారి ఆరు పోశావేమో. మర్చిపోయి."

లాయిడ్ కళ్లల్లో మొదటిసారి కోపం కనిపించింది. "నా పేరైనా మర్చిపోతాను గానీ ఒరేయ్, ఆ ట్రాక్టరు పొట్ట నాకు తెలీదంటే నీ పళ్లు రాలగొడతాను."

"రాలడానికి నాలుగే ఉన్నాయి," అన్నాడు ఆర్విల్ లేస్తూ. "మూడు దాకా నీ సంతకం నీ దగ్గరే ఉంచుకో."

*

పన్నెండూ ఇరవైకి అతను సెడ్లాచెక్ వాళ్ల ధాన్యం గది ముందున్నాడు. తలుపు చెక్క మీద పెన్సిల్ గీతలు, పైనుంచి కిందికి ఇరవయ్యారు వరసలు. తేదీ, '30', ఆ పక్కన '5'. ఏడాదికో వరస. ఏడాదేడాదికీ లాయిడ్ చెయ్యి కొంచెం వణుకుతూ దిగింది గానీ అంకె మారలేదు. ఇరవయ్యారు ఐదులు. అడుగున ఈ ఏడాది చోటు ఖాళీ.

తలుపు పక్కన బకెట్‌లో తారులాంటి నల్లటి ఆయిల్ ఉంది. సోమవారం లాయిడ్ బయటికి తీసిన పాతది.

"అది పారెయ్యకు, ఆర్విల్!" వంటింటి గుమ్మంలోంచి అరిచింది లుడ్మిలా, ఎమిల్ చెల్లెలు. డెబ్భై నాలుగేళ్లు. అన్న ఇంటిని ఎప్పటినుంచో ఆవిడే నడుపుతోంది. "కంచె గుంజలకి పూయాలి. ఎమిల్ పోయినా గుంజలు ఉన్నాయిగా."

"నేనెందుకు పారేస్తాను అక్కా. మా అమ్మ నన్ను అలా పెంచలేదు."

లోపల బల్ల మీద గసగసాలు నింపిన తీపి రొట్టెలు, కొలాచీలు, పళ్లెం నిండా ఉన్నాయి. రేపటి అంత్యక్రియలకి చేసినవి. ఆర్విల్ ముందు మూడు పెట్టింది. తనేమీ ముట్టుకోలేదు.

"మంగళవారం సంగతి చెప్పక్కా. నిమిషాలతో సహా."

"మా ఇంట్లో నిమిషాలు ఒక్కలాగే ఉంటాయి. పన్నెండు కొట్టగానే ట్రాక్టరు ఎక్కడున్నదక్కడ వదిలేసి నడిచి వచ్చేస్తాడు. ఆ రోజు వాగు పక్క గడ్డిచేలో వదిలాడు. తింటాడు. ఒక గంట పడుకుంటాడు. ఒకటిన్నరకి లేచి వెళ్తాడు. యాభై ఏళ్లుగా అంతే. చుట్టుపక్కలవాళ్లు ఎమిల్ నిద్ర చూసి గడియారం సరిచేసుకుంటారు."

"అంటే పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా ట్రాక్టరు దగ్గర ఎవరూ ఉండరని అందరికీ తెలుసు."

"కుక్కలకి కూడా తెలుసు."

"తర్వాత?"

"వెళ్లి స్టార్ట్ చేశాడు. దాని మోత మైలు దూరం వినపడుతుంది కదా. నేను రేడియో పెట్టాను. బేస్‌బాల్ ఆట మొదలైంది. ట్రాక్టరు మోతకి సగం మాటలు వినపడవు, నేను తిట్టుకుంటూనే ఉంటాను. తొమ్మిది ఇన్నింగ్స్‌లో రెండోది ఇంకా అవలేదు, మోత ఆగింది. హమ్మయ్య, మోపులు ఎక్కిస్తున్నాడు కాబోలు, ఆట విందాం అనుకున్నాను." ఆవిడ కొలాచీ పళ్లేన్ని అటు జరిపి ఇటు జరిపింది. "హాయిగా విన్నాను, ఆర్విల్. మొత్తం ఆట."

ఆర్విల్ చేతిలోని కొలాచీ పక్కన పెట్టాడు.

"మళ్లీ మోత మొదలవలేదూ?"

"లేదు. నాలుగూ పదికి వెర్లిన్ తలుపు కొట్టేదాకా నిశ్శబ్దమే. శనివారం పాత ట్రాక్టర్ల సంతలో ఇద్దరూ మళ్లీ పోటీ పడాల్సింది. పందొమ్మిదేళ్లుగా బరువు లాగే పందెంలో మావాడు మొదలు, వెర్లిన్ రెండు. ఈసారి పందెంలో ఎమిల్ లేడు కదా, నేను గెలిచినా ఏం గెలుపు అన్నాడు. నా వంటింట్లో నిలబడి ఏడ్చాడు."

ఆర్విల్ బుర్రలో గడియారం తిరిగింది. ఒకటిన్నరకి మొదలు. రెండో ఇన్నింగ్స్ అంటే ఒకటీ యాభైకి ఆగింది. ఎమిల్ పడుకున్నప్పుడు ఎవడో ఆయిలంతా దించేసి ఉంటే? ఆయిల్ చుక్క లేకుండా గట్టు మీద బరువు లాగితే పాత ఇంజన్ ఎంతసేపు బతుకుతుంది? పావుగంట. మహా అయితే ఇరవై నిమిషాలు. ఆయిల్ ప్రెషరు చూపే ముల్లు ఆ ట్రాక్టరులో పదేళ్లుగా ఒక్కచోటే నిద్రపోతోంది. బ్రేకులు ఉన్నాయని నమ్మడమే తప్ప ఎవరూ చూడలేదు. ఇక వెర్లిన్ విన్నానన్న నాలుగు గంటల మోత? ఒకటీ యాభైకీ నాలుగూ పదికీ మధ్య రెండు గంటల ఇరవై నిమిషాలు ఉన్నాయి. ఆరు డబ్బాలు పోయడానికి పది నిమిషాలు చాలు. ఖాళీ డబ్బాలు తీసుకెళ్లి ఒకరి చెత్త పీపాలో పడేసి రావడానికి ఇంకో అరగంట.

డ్రెస్లర్ అనుకున్నట్టు సబ్బు ఆయిల్ ఆ ఇంజన్‌ని చంపలేదు. అది చచ్చాక పోశారు. అందుకే మరక తేనెరంగులో ఉంది. పోసినవాడికి మడ్డి సంగతి తెలుసు, అంటే పాత ట్రాక్టర్ల మనిషి. కానీ ఆ ట్రాక్టరు పొట్ట తెలీదు, పుస్తకం చూసి ఆరు పోశాడు.

గోడకున్న ఫోను తీసి షరీఫు ఆఫీసుకి చేశాడు. డ్రెస్లర్ మొత్తం విన్నాడు. చివర్లో అడిగాడు.

"సాక్ష్యం ఏమిటి? ఒక ముసలమ్మ రేడియో, ఒక చేతిరుమాలు, ఇంకా తన బూటు రంగు తెలీని మనిషి చెప్పిన అంకె. అంతేనా?"

"ట్రాక్టరులోంచి దించిన ఆయిల్ ఎక్కడో ఉంది. ఐదు డబ్బాలు. అది దొరికితే?"

"ఎవడైనా వాగులో పారబోస్తాడు. మూడింటికి కలుద్దాం టోఫ్ట్ గారూ." ఫోను పెట్టేశాడు.

ఆర్విల్ తలుపు దగ్గరున్న బకెట్ వైపు చూశాడు. తారులాంటి ఆయిల్. నలభై ఏళ్ల పాత బండి వాంతి చేసుకున్న మురికి. దాన్ని కూడా గుంజలకి దాచుకునే కౌంటీ ఇది. ఒక్క రోజు నడిచిన, అద్దంలా ఉన్న, నిక్షేపంలాంటి సాదా ముప్పై ఆయిల్‌ని ఇక్కడ పుట్టినవాడెవడైనా వాగులో పారబోస్తాడా? డ్రెస్లర్ పట్నంలో పుట్టాడు. వాడికి అర్థం కాదు. మనిషి చావుకి కారణమైనవాడికైనా చెయ్యి రాదు.

*

ఒకటీ యాభై ఐదుకి మళ్లీ గ్యారేజీలో ఆగాడు. ఇంజన్ ఆపలేదు.

"లాయిడ్, జాగ్రత్తగా విను. నేను వెర్లిన్ షెడ్డుకి వెళ్తున్నాను. మూడింటికి డ్రెస్లర్ వస్తాడు. సంతకం పెట్టకు. తిన్నగా వెర్లిన్ మెషీన్ షెడ్డుకి రమ్మని చెప్పు. తను రాకపోతే నేను మళ్లీ కనపడకపోవచ్చని చెప్పు. గోడ మీద రాసుకో."

"రాసుకోవడం దేనికి? రెండు ముక్కలు గుర్తుపెట్టుకోలేనంత దిగజారానా?"

"రాసుకోరా."

"పో అవతలికి," అన్నాడు లాయిడ్.

రెండూ ఇరవైకి ఆర్విల్ వెర్లిన్ కునెర్ట్ షెడ్డు ముందు బండి ఆపాడు. పిలిచాడు. ఎవరూ పలకలేదు. పెద్ద జారుడు తలుపు మనిషి పట్టేంత తెరిచి ఉంది. లోపల వెర్లిన్ ఆకుపచ్చ ట్రాక్టరు శనివారం పందేనికి తుడిచి, మైనం రాసి, పెళ్లికొడుకులా నిలబడి ఉంది. దాని వెనక గోడకి వరసగా రిబ్బన్లు. అన్నీ ఎరుపే. రెండో స్థానానికి ఇచ్చే ఎరుపు. ఆర్విల్ లెక్కపెట్టాడు. పందొమ్మిది. పక్కన ఇరవయ్యోదానికి ముందే కొట్టిన ఖాళీ మేకు.

రిబ్బన్ల కింద చెక్క అర ఉంది. వెర్లిన్ భార్య బతికుండగా పెట్టిన ఊరగాయ బీట్‌రూట్ జాడీలు, పీచ్‌పళ్ల జాడీలు, దుమ్ము పట్టి. వాటి చివర దుమ్ము లేని గాజు జాడీలు కొన్ని. డబ్బాకి ఒక జాడీ పడుతుంది. తేనెరంగు. మూతలు బిగించి, బట్ట టేపు అంటించి, పెన్సిల్‌తో పొందికగా రాసి ఉంది: '30 సాదా. ఒక రోజు వాడింది. బాగుంది.'

ఐదు జాడీలు.

ఆర్విల్ చివరిదాన్ని తీసి మూత విప్పి వాసన చూశాడు. గడ్డి, ఎండ, ఎమిల్ ట్రాక్టరు. మూత బిగించాడు.

"ఐదోది కొంచెం వెలితిగా ఉంది," అన్నాడు తలుపు దగ్గరనుంచి వెర్లిన్ కునెర్ట్. "కొంచెం కారిపోయింది. తొందరలో."

డెబ్భై ఒక్క ఏళ్ల మనిషి. పొడుగు. ఎండకి మాడిన మొహం. చేతిలో బండ్లు పైకెత్తే ఇనపకడ్డీ. వెనక్కి చూడకుండానే తలుపు మూసి గడియ పెట్టాడు.

"ఆరుకి ఒక జాడీ తక్కువుందేమిటి అనుకోలేదూ?" అడిగాడు ఆర్విల్.

"అనుకున్నాను. లాయిడ్ పోయడం మర్చిపోయాడనుకున్నాను. వాడన్నీ మర్చిపోతున్నాడుగా. నేను పుస్తకం ప్రకారం పోశాను."

"పుస్తకం తప్పు."

"ఇప్పుడు తెలిసింది." వెర్లిన్ రెండడుగులు ముందుకేశాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నేను ట్రాక్టర్ని చంపుదామనుకున్నాను ఆర్విల్. మనిషిని కాదు. పందొమ్మిదేళ్లు. ఒక్క శనివారం అది లేకుండా లాగుదామనుకున్నాను. చేలో ఎక్కడో చదునులో పట్టేస్తుంది, దిగి తిట్టుకుంటూ ఇంటికెళ్తాడు అనుకున్నాను. ఆ పూటే గట్టెక్కుతాడని నాకేం తెలుసు?"

"తర్వాత లాయిడ్ నెత్తిన ఎందుకు వేశావు?"

"ఎవరి నెత్తినో పడాలిగా. వాడికి రెండేళ్లలో ఏమీ గుర్తుండదు. జైలని కూడా తెలీదు."

"ఇప్పుడు తెలుసు వాడికి. రోజంతా తెలుస్తూనే ఉంది."

వెర్లిన్ ఇంకో అడుగు ముందుకేశాడు. "నువ్విక్కడికి వచ్చినట్టు ఎవరికి తెలుసు?"

"లాయిడ్‌కి."

వెర్లిన్ నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చినట్టు నవ్వాడు. "లాయిడ్‌కా!" కడ్డీని కుడిచేతిలోంచి రెండు చేతుల్లోకి మార్చుకున్నాడు. గోడ గడియారం రెండూ నలభై ఆరు చూపిస్తోంది. ఆర్విల్ వెనక అర. పక్కన ట్రాక్టరు. తలుపు వెర్లిన్ వెనక. అతను ఒక్కో అంగుళం అర పొడవునా పక్కకి జరిగాడు. వెర్లిన్ అంతే నెమ్మదిగా అడ్డం వచ్చాడు. ముసలివాళ్లిద్దరూ సంత నాడు పాటకి అడుగులేస్తున్నట్టుంది వ్యవహారం.

అప్పుడు దూరంగా, మట్టిరోడ్డు మీద, ఏదో మూడుసార్లు దగ్గి ఒకసారి తుమ్మింది.

వెర్లిన్ ఆగాడు. దగ్గు దగ్గరైంది. తుమ్ము షెడ్డు ముందుకొచ్చి ఆగింది. తలుపు మీద అరచేత్తో దబదబా బాదారు.

"ఆర్విల్! ఒరేయ్ ఆర్విల్! ఉన్నావా?"

"ఉన్నాను!" అరిచాడు ఆర్విల్, కడ్డీ మీదనుంచి చూపు తిప్పకుండా. "డ్రెస్లర్‌కి చెప్పావా?"

అవతల తలుపు బాదడం ఆగింది.

"అదే అడుగుదామని వచ్చాను రా. ఏదో చెప్పమన్నావు. ఏం చెప్పమన్నావు?"

వెర్లిన్ మొహంలోకి నవ్వు తిరిగొచ్చింది. కడ్డీ భుజం దాకా లేచింది.

"సంతకం మాత్రం పెట్టలేదు!" అరిచాడు లాయిడ్. "వాడు ముందే దిగబడ్డాడు, పెన్ను చేతిలో పెట్టాడు. ఐదు డబ్బాలు పోసినవాణ్ని ఆరు పోశానని ఎలా రాయను? కాగితం లాక్కుని బండెక్కేశాను. పారిపోతున్నాననుకుని వెనకాలే పడ్డాడు దరిద్రుడు! ఆ చప్పుడు వినపడట్లేదూ?"

వినపడింది. సన్నగా, ఈగ ముసిరినట్టు. సైరన్. ఇంకా రెండు మైళ్లుంటుంది. కడ్డీకీ ఆర్విల్ తలకీ మధ్య రెండు గజాలు కూడా లేదు. వెర్లిన్ ఆ లెక్క వేసుకోవడం అతని కళ్లల్లో కనిపించింది. సైరన్ చేరేలోగా రెండు నిమిషాల పని. లోపలొకడు, బయటొకడు.

ఆర్విల్ చేతిలో ఐదో జాడీ ఇంకా ఉంది. దాన్ని వెర్లిన్ మీదికి విసరలేదు. పైకి విసిరాడు. నెమ్మదిగా, పిల్లలకి బంతి వేసినట్టు, ఇద్దరికీ మధ్య, సిమెంటు నేల మీద పడేలా.

తేనెరంగు ఆయిల్ గోడ సందులోంచి పడ్డ ఎండలో ఒక్కసారి మెరిసి, తిరగబడి, కిందికి దిగింది.

వెర్లిన్ చేతులు అతన్ని అడగలేదు. డెబ్భై ఏళ్లుగా ఏదీ పారబోయని చేతులు అవి. రెండూ కలిసి ముందుకొచ్చాయి.

కడ్డీ నేల మీద పడి షెడ్డంతా మోగింది. జాడీ పడలేదు.